పువ్వు నిండా గింజలే, నొక్కితే తాలు

ప్రశ్న: యాసంగిలో ఎకరంన్నర పొద్దుతిరుగుడు వేసిన. పువ్వులు పెద్దగానే వచ్చినయి, గింజలు కూడా నిండుగా కనబడుతున్నయి. గోటితో నొక్కితే సగానికి సగం తాలే. పక్క చేనులో మక్కకు ఈ బాధ లేదు. నాకు నకిలీ విత్తనం అంటగట్టిన్రా?
– ఒక రైతు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ తాలును చూసి మాత్రమే విత్తనం నకిలీదని చెప్పలేం. మనం పొద్దుతిరుగుడు గింజ అనేది నిజానికి ఒక పూర్తి కాయ. నల్లటి పొట్టు కాయ గోడ, లోపలి పప్పు విత్తనం. రెండూ ఒక్కచోటే అతుక్కుని ఉంటాయి, అందుకే పొట్టు సులువుగా ఊడివస్తుంది. పుప్పొడి అందక పప్పు కట్టకపోయినా పొట్టు తన మానాన తాను పెరుగుతుంది. కుసుమ కాయ కూడా ఈ రకమే.

మక్క గింజా ఒకే విత్తనమున్న ఎండు కాయే. కాకపోతే అందులో కాయ గోడ విత్తనానికి పూర్తిగా అతుక్కుపోతుంది, విడిగా పొట్టు పెరగదు. పుప్పొడి అందని పీచు దగ్గర గింజే లేవదు. పక్క చేనులో కంకులు ఒలిచి చూడండి, నష్టం ఉంటే అక్కడక్కడా ఖాళీలుగా కనిపిస్తుంది. మరి వరిలో తాలు ఎందుకుంటుందని అడుగుతారేమో. వరి ఊక కాయ గోడ కాదు, పూత కంటే ముందే తయారైన పువ్వు తొడుగు.

ఇప్పుడు ఒక పువ్వు కోసి అంచు నుంచి నడిమి దాకా గింజలు నొక్కుతూ రండి. తాలు అంతటా చెదిరి ఉంటే ఎక్కువగా పరాగ సంపర్కం లోపమే, అంటే పుప్పొడి సరిగా అందలేదు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుంపు. ఆ చిన్న పూలలో మొదట పుప్పొడి రాలుతుంది, కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొస) రెండు పాయలుగా విచ్చుకునేది మర్నాడు. అందుకే తేనెటీగలు తిరగాలి. పూత మీద పొద్దున పురుగుమందు కొడితే అవి చేను వదిలిపోతాయి. తప్పనిసరైతే సాయంత్రం కొట్టండి. తాలు నడిమిలోనే ఉంటే నీటి ఎద్దడిని అనుమానించాలి. చివరగా పూసేది నడుమ భాగమే, అక్కడికి ఆహారం ఆఖరున చేరుతుంది. మొగ్గ, పూత, గింజ కట్టే దశల్లో తడి తప్పకూడదు.

ఈ పంటలో తాలును ఇక పప్పుగా మార్చలేం. బాగా ఆరబెట్టి, తూర్పారబట్టి అమ్మండి. వచ్చే పంటకు అంచు పసుపు రేకులు విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ (బోరాన్ పోషకాన్ని ఇచ్చే పొడి) కలిపి పిచికారి చేయండి. ముందు కొద్దిపాటి వేడినీళ్లలో కరిగించుకోవాలి. తేనెటీగలు తక్కువగా కనిపిస్తే పూత ఉన్నన్నాళ్లు రోజు విడిచి రోజు, ఉదయం 8 నుంచి 11 గంటల మధ్య, చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని ఒక పువ్వు తర్వాత ఒక పువ్వును మెల్లగా రుద్దుతూ పోండి.