సందేహాలు – సమాధానాలు: ‘కృపచేతనే’లో ఏకారం ఎవరిది?

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. ఇంట్లో తెలుగు, చదువంతా తమిళం. ఎఫెసీ పత్రిక 2:8లో ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే’ అని ఉంది. ద్వారా, చేత, వలన మూడూ ఒకటే కదా? చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ‘నా విశ్వాసం వల్లే రక్షణ పొందాను’ అంటే తప్పా?

సమాధానం: వ్యాకరణం వరకు తప్పేమీ లేదండీ. మాట్లాడే తెలుగులో ‘వల్ల’ ఎప్పుడో ‘చేత’ చోటు ఆక్రమించేసింది. ‘దేవుడి దయ వల్ల బాగున్నాం’ అంటాం గానీ ‘దయచేత’ అనం. పైగా తమిళ బైబిల్లో ఇదే వచనంలో ‘కిరుబైయినాలే’ అన్నా, ‘ఉంగళాల్’ అన్నా ఉన్నది ‘ఆల్’ ఒక్కటే. మీ చెవికి అదే అలవాటై ఉంటుంది.

ఈ వచనంలో మాత్రం దేని పని దానిదే. కర్మణి వాక్యంలో పని చేసినవారికీ, సాధనానికీ చేత చేరుతుంది: రామునిచేత చంపబడెను, బాణముచేత చంపబడెను. ఈ ‘బడు’ వాక్యాలు తెలుగుకు అంతగా నప్పవు, తగ్గించుకోమనే నేనూ చెబుతుంటాను. ఇక్కడ మాత్రం వదులుకోకూడదు. రక్షించే పని చేసింది ‘మీరు’ కాదని చెబుతున్నది ఆ బడే.

ద్వారా దారిని చెబుతుంది. కృష్ణా నీళ్లు కండలేరు కాలువ ద్వారా మీ పూండి జలాశయానికి వస్తాయి. కాలువ లేనిదే రావు, అలాగని ఆ నీళ్లు కాలువ పుట్టించినవి కావు. విశ్వాసానికి ఈ వాక్యం ఇచ్చిన చోటు అదే. ఇక వలన, పుట్టిన చోటును చెబుతుంది. ‘మీవలన కలిగినది కాదు’ అన్నాక, తొమ్మిదో వచనం ‘క్రియలవలన కలిగినది కాదు’ అని మళ్లీ అంటుంది. గ్రీకు మూలంలోనూ ఆ రెండు చోట్లా ‘నుంచి’ అనే అర్థమిచ్చే ‘ఎక్’ ఉంది, విశ్వాసం దగ్గర ‘దియా’ ఉంది. మన అనువాదకులు ఆ తేడా చెడకుండా తెచ్చారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘చేతనే’ చివరి ఏకారం. గ్రీకులో ‘మాత్రమే’ అనే మాట లేదు. కృప అన్న మాటను వాక్యం మొదట్లో పెట్టి ఊనిక ఇచ్చారు. తెలుగు ఆ ఊనికను ఏకారంతో పట్టుకుంది. అది ‘విశ్వాసముద్వారానే’ కాలేదు చూడండి. మీ వాక్యంలో ఆ ఏకారం కృపను వదిలి ‘నా విశ్వాసం’ పక్కకు వచ్చేసింది.

ఇది ఒక్క అక్షరం గొడవ అనుకోవద్దు. ఉపవాసం ఒకరోజు తప్పినా, ప్రార్థనలో మనసు నిలవకపోయినా ‘నా విశ్వాసం చాలదేమో’ అని టెన్షన్ పడి, నిద్ర పాడుచేసుకునే విశ్వాసులున్నారు. పాపం, వాళ్ల కళ్లెప్పుడూ తమ పట్టు ఎంత గట్టిగా ఉందన్నదాని మీదే. శరీరంలో ముల్లు తీసేయమని పౌలు ముమ్మారు వేడుకుంటే, ఇంకా గట్టిగా ప్రార్థించమని ప్రభువు అనలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్నాడు.

కాబట్టి సాక్ష్యంలో ‘క్రీస్తును నమ్మాను, దేవుని కృప వల్లే రక్షణ పొందాను’ అనండి. గ్రాంథికం అక్కర్లేదు, మీ ‘వల్ల’ను అలాగే ఉంచుకోండి. ఏకారాన్ని మాత్రం కృపకు తిరిగి ఇచ్చేయండి. తమిళంలో చెప్పాల్సి వచ్చినా ఇబ్బంది లేదు, ‘కిరుబైయినాలే’లో అది ఎలాగూ ఉంది.