అమ్మలూ, సంచీలు సర్దే ముందు ఇది ఒక్కసారి చదువు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పినప్పట్నుంచి నాకు అదే ఆలోచన. మీ పన్నెండు మంది కలిసి శరణార్థి పిల్లలకి 300 కిట్లు చేద్దామనుకుంటున్నారని, స్కూల్ సామాన్లు ఒక సంచీ, సబ్బు బ్రష్షు తువ్వాలు లాంటివి ఇంకో సంచీ అని, వచ్చే వారమే వెళ్ళి అన్నీ కొనేస్తామని ఎంత ఉత్సాహంగా చెప్పావో. ఫోన్లో సరే సరే అన్నాను గానీ పెట్టేశాక అనిపించింది, చెప్పాల్సింది చెప్పలేదే అని. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను కదా, నేను చేసిన తప్పులు మళ్ళీ మీరు చేస్తే ఆ నష్టం మీది కాదు, ఎక్కడో ఆ సంచీ విప్పే పిల్లది. అందుకే కూర్చుని రాస్తున్నా, పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

మొట్టమొదటి మాట, ఇంకా ఏమీ కొనకు. ముందు ఆ కిట్లు పంచబోయే సంస్థ వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఏం కావాలి, ఏ సైజు, ఎన్ని, ఏం పెట్టకూడదు, ఎప్పటికి చేరాలి, ఇవన్నీ అడిగి లిస్టు రాతలో తెప్పించుకో. ఇంకో ప్రశ్న కూడా మొహమాటం లేకుండా అడుగు, మేం సామాన్లు పంపడం మంచిదా లేక డబ్బులు పంపితే మీరు అక్కడే దగ్గర్లో కొంటారా అని. చాలాసార్లు అక్కడే కొనడం మేలు, రవాణా ఖర్చు ఉండదు, ఆ చుట్టుపక్కల కొట్లవాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి, పిల్లలకి అలవాటున్న వస్తువులే దొరుకుతాయి. వాళ్ళు డబ్బే పంపమంటే చిన్నబుచ్చుకోకు. కూర్చుని సర్దితేనే సేవ చేసినట్టు అనిపిస్తుంది మనకి, నాకు తెలుసు, కానీ మనకేం అనిపిస్తుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

కిట్లే కావాలన్నారనుకో, అప్పుడు వాళ్ళ లిస్టే మనకి శాసనం. లిస్టులో నాలుగు పెన్సిళ్ళంటే నాలుగే, మూడూ కాదు అయిదూ కాదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను మొదలుపెట్టిన రెండో ఏడు మాలో ఒకావిడ, మనసు బంగారం, ఓ ఇరవై సంచీల్లో ఒక్కో చిన్న బొమ్మ పెట్టేసింది ఎవరికీ చెప్పకుండా, పాపం పిల్లలు సంతోషిస్తారని. అక్కడ పంచిన టీచర్ తర్వాత ఉత్తరం రాసింది, ఒకే వరసలో కూర్చున్న పిల్లల్లో ఒకరికి బొమ్మ వచ్చి పక్కవాళ్ళకి రాకపోయేసరికి ఏడుపులు, లాక్కోవడాలు, ఆఖరికి తనే ఆ ఇరవై బొమ్మలూ వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందని. ఇచ్చిన బొమ్మ పిల్ల చేతిలోంచి తీసుకోవడం ఆ టీచర్‌కి ఎంత కష్టమయిందో ఆ ఉత్తరంలో తెలిసిపోతోంది. ఇల్లూ వాకిలీ బడీ అన్నీ వదిలేసి వచ్చిన పిల్లలు వాళ్ళు, అక్కడ కూడా నీకుంది నాకు లేదు అనే మాట మన సంచీ వల్ల రాకూడదు. అందుకే 300 సంచీలూ అచ్చం ఒకేలా ఉండాలి, రంగు తేడా ఉన్నా పర్లేదు, లోపల సామాను తేడా ఉండకూడదు. ఇంకో కారణం కూడా ఉంది, సరిహద్దు దాటి వెళ్ళే పెట్టెలైతే కస్టమ్స్ వాళ్ళు లిస్టుతో పోల్చి చూస్తారు, లిస్టులో లేనిది ఒక్కటి కనపడినా మొత్తం సరుకు ఆగిపోవచ్చు.

నోట్‌బుక్కుల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. యూనిసెఫ్ వాళ్ళది స్కూల్ ఇన్ ఎ బాక్స్ అని ఒక పెట్టె ఉంది, ఒక టీచరూ 40 మంది పిల్లలూ బడి మొదలుపెట్టడానికి కావాల్సినవి అందులో ఉంటాయి, ఆ పెట్టె మూతకి రంగు వేస్తే అదే బ్లాక్‌బోర్డు అయిపోతుంది. అందులో నోట్‌బుక్కులకి మార్జిన్ గీత ఉండదు. ఎందుకో తెలుసా, అరబిక్ లాంటివి కుడి నుంచి ఎడమకి రాస్తారు కదా, మార్జిన్ ఎడమవైపు ఉంటే ఆ పిల్లలకి అది తప్పు వైపు ఉన్నట్టే. గీత లేకపోతే ఎటునుంచి మొదలుపెట్టినా పుస్తకం వాళ్ళదే. నాకు ఇది తెలిసేసరికి ఏడేళ్ళు అలా మార్జిన్ ఉన్నవే పంపేశాను. ఆ పిల్లలు ఏ భాషలో చదువుకుంటారో అడుగు, దాన్నిబట్టి కొను. అట్టల మీద జెండాలు, దేవుళ్ళ బొమ్మలు, రాజకీయ నాయకుల ఫొటోలు, తుపాకులు, సైనికుల బొమ్మలు ఉండకూడదు. సంచీ కూడా మిలిటరీ డ్రెస్సు లాంటి మచ్చల గుడ్డతో కుట్టించొద్దు, అది మనకి ఉత్త డిజైనే, కానీ సైనికుల్ని చూసి పారిపోయి వచ్చిన పిల్లకి అదే గుడ్డ వీపున తగిలిస్తామా చెప్పు.

పెన్నులకంటే పెన్సిళ్ళు నయం, ఎండకి సిరా కారదు, తప్పు రాస్తే చెరుపుకోవచ్చు. చెక్కని పెన్సిళ్ళే పెట్టండి, చెక్కినవి దారిలో ములుకులు విరిగిపోతాయి, సంచీకి చిల్లులు కూడా పెడతాయి. పెన్సిల్ పెట్టి షార్ప్‌నర్ మర్చిపోవడం నేను చాలా చోట్ల చూశాను, అలా చేస్తే ఆ పెన్సిల్ ఉత్త కర్రపుల్ల. రబ్బరు, స్కేలు, కలర్ పెన్సిళ్ళు మామూలే. మైనపు క్రేయాన్లు మాత్రం వేడి చోట్లకి వద్దు, కరిగి అన్నిటికీ అంటుకుంటాయి. కత్తెర లిస్టులో ఉంటే మొన మొద్దుగా ఉన్నదే.

ఇక శుభ్రత కిట్. ఇక్కడ సబ్బే ముఖ్యం, మిగతావన్నీ దాని తర్వాతే. శిబిరాల్లో ఒకే కుళాయి దగ్గర ఎంతోమంది, మరుగుదొడ్లు కూడా ఉమ్మడివే, అలాంటి చోట విరేచనాలు ఒకరికొస్తే చుట్టూ అందరికీ పాకుతాయి, చిన్నపిల్లలకి అది ప్రాణం మీదకి వస్తుంది, సబ్బుతో చేతులు కడుక్కుంటేనే దానికి చాలావరకు అడ్డుకట్ట. చాలా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి, వాటి ప్రకారం మనిషికి నెలకి ఒంటి సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు కావాలి. అంటే 125 గ్రాముల సబ్బులు రెండు పెడితే అది ఒక్క నెలకి సరిపోతుంది, అంతే. చాలామంది చిన్న సబ్బు ఒకటి పెట్టి అయిపోయిందనుకుంటారు, మీరు మాత్రం ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, బడ్జెట్ తక్కువైతే ఇంకేదైనా తగ్గించండి గానీ సబ్బు తగ్గించొద్దు. ఇంకో సంగతి, కొన్ని సబ్బుల్లో జంతువుల కొవ్వు ఉంటుంది, కొంతమంది మతం ప్రకారం అది ముట్టుకోరు, అందుకని నూనెలతో చేసినవే చూసి కొను. సబ్బు దాని రేపర్లోనే ఉండనీ, విప్పొద్దు. వాసన గట్టిగా ఉన్న సబ్బులు నోట్‌బుక్కులున్న పెట్టెలో పెట్టొద్దు, కాగితమంతా అదే వాసన పడుతుంది, అసలు రెండు కిట్లూ వేరువేరు పెట్టెల్లో వెయ్యండి.

టూత్‌బ్రష్ చిన్నపిల్లలదైతే చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్నది, ప్యాకెట్ విప్పకుండా. పేస్టు సంగతి తప్పకుండా అడుగు, చాలా సంస్థలు వద్దంటాయి, అది ఎక్స్‌పైరీ అయిపోతుంది, ట్యూబు పగిలితే తువ్వాలు దువ్వెన అన్నీ పాడు, అక్కడికి చేరాక వాళ్ళే పెద్దమొత్తంలో కొని ఇస్తారు. శానిటైజర్ కూడా అంతే, అందులో ఆల్కహాల్ ఉంటుంది, మండే సరుకని విమానంలో మామూలు సరుకుతో కలిపి ఎక్కించనివ్వరు. తువ్వాలు పలచగా, త్వరగా ఆరేది, మరీ మందంది తీసుకుంటే ఆరబెట్టడానికి చోటు లేక ముక్కిపోతుంది. దువ్వెన పళ్ళు వెడల్పుగా ఉన్నది, ఎందుకంటే రింగుల జుట్టున్న పిల్లలకి సన్న దువ్వెన పనికిరాదు. నెయిల్ కట్టర్ చిన్నదే కానీ ఎంత అవసరమో, గోళ్ళ సందుల్లో మట్టే కదా కడుపులోకి పోయేది.

కొంచెం పెద్దయిన ఆడపిల్లల గురించి మీరెవరూ మాట్లాడలేదు ఫోన్లో. పన్నెండు పదమూడేళ్ళ పిల్ల నెలకి నాలుగైదు రోజులు బడి మానేస్తోందంటే చాలాసార్లు కారణం నెలసరే, అడగడానికి సిగ్గు, వాడటానికి గుడ్డ లేదు. ఆ వయసు పిల్లల కిట్ విడిగా ఉండాలి, అందులో ప్యాడ్లు, లోదుస్తులు, అదనంగా సబ్బు ఉండాలి. ఉతికి వాడుకునే ప్యాడ్లు మంచివే, చాలాకాలం వస్తాయి, కానీ ఉతకడానికి నీళ్ళు, ఆరేయడానికి నలుగురూ చూడని చోటు ఉంటేనే. ఆ రెండూ లేని శిబిరంలో అవి ఇచ్చి ఏం లాభం, తడి గుడ్డే కట్టుకుంటారు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. వాడి పడేసేవైతే ఎక్కడ పడేయాలన్న సమస్య. కాబట్టి అక్కడ పనిచేసే ఆడవాళ్ళని అడిగించి తెలుసుకో, వాళ్ళు ఏది అంటే అదే. ఆ సంచీ గుడ్డ ముదురు రంగుది, లోపలిది పైకి కనపడకుండా ఉండాలి.

వాడిన వస్తువులు ఇస్తామని చాలామంది వస్తారు. సగం రాసిన నోట్‌బుక్కు, పాత సంచీ, హోటళ్ళలో ఇచ్చే చిన్న సబ్బులు. మర్యాదగా వద్దని చెప్పడం నేర్చుకో అమ్మా. నీ చెల్లెలికి స్కూలు మొదటి రోజు ఏమిస్తావో అదే ఇవ్వాలి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోనే ఉంది, ప్రాథమిక విద్యలో ఆ దేశం పిల్లల్ని ఎలా చూస్తారో శరణార్థి పిల్లల్ని కూడా అలాగే చూడాలని. వాళ్ళకి అది దానం కాదు, హక్కు.

సర్దే రోజు ఎలా చెయ్యాలో చెప్తా. పొడుగాటి బల్లలు వరసగా వేసి ఒక్కో వస్తువు ఒక్కో చోట పెట్టండి, ఖాళీ సంచీ పట్టుకుని మనిషి నడుస్తూ ఒక్కొక్కటి వేసుకుంటూ చివరికి రావాలి. చివర ఒకరు కూర్చుని ప్రతి సంచీలో చెయ్యిపెట్టి లెక్కపెట్టాలి, ఆ మనిషి వేరే పనేం చెయ్యకూడదు, ఎవరితో కబుర్లు చెప్పకూడదు, గంటకోసారి మనిషిని మార్చండి, అలసిపోతే కళ్ళు మోసం చేస్తాయి. అన్నీ ముందే లెక్కపెట్టి బల్ల మీద పెట్టి సరిగ్గా చేస్తే ఆఖర్లో ఏమీ మిగలదు, ఒక్క రబ్బరు మిగిలిందంటే ఎక్కడో ఒక సంచీలో రబ్బరు లేదన్నమాట. అప్పుడు ఎంత రాత్రయినా వెతకాలి. మేం ఒకసారి రెండు షార్ప్‌నర్లకోసం 240 సంచీలు విప్పాం, అందరూ విసుక్కున్నారు, నేను ఆపలేదు.

బరువు సంగతి కూడా ముందే చూసుకోండి. సంచీకి నాలుగు నోట్‌బుక్కులు, ఒక్కోటి పావుకిలో అనుకున్నా 300 సంచీలకి కాగితమే 300 కిలోలు. పెద్ద పెట్టెల్లో నింపితే ఎవరూ ఎత్తలేరు, అడుగు ఊడిపోతుంది. ఒక్క మనిషి నడుము పట్టకుండా ఎత్తగలిగేంత పెట్టెలు తీసుకో, ప్రతి పెట్టె మీద లోపల ఏ కిట్, ఎన్ని ఉన్నాయో రెండు పక్కలా రాయండి.

సంచీల్లో ఉత్తరాలు పెడదామంది కదా మీ ఫ్రెండ్ ఒకమ్మాయి, సంస్థ వాళ్ళు ఒప్పుకుంటేనే, అదీ పేర్లు అడ్రస్సులు ఫోన్ నంబర్లు లేకుండా. డబ్బులు అస్సలు పెట్టొద్దు. పంచేటప్పుడు పిల్లల ఫొటోలు పంపమని మాత్రం అడగకండి, దణ్ణం పెడతా. కొంతమంది పిల్లల అమ్మానాన్నల్ని హాని చెయ్యడానికి ఇంకా ఎవరో వెతుకుతూ ఉంటారు, ఒక ఫొటో బయటికొస్తే ఎవరి కంట పడుతుందో తెలియదు. పైగా చెయ్యి చాపి తీసుకుంటున్నప్పుడు ఫొటో తీయించుకోవడం ఎవరికి ఇష్టం. మీవాళ్ళకి చూపించాలంటే సర్దిన సంచీల వరస ఫొటో తీసి పెట్టండి, చాలు.

ఒకసారి పంపాక సంస్థ వాళ్ళకి నెలా రెండు నెల్లాగి మళ్ళీ ఫోన్ చెయ్యి, థాంక్స్ చెప్పించుకోవడానికి కాదు, ఏది పనికొచ్చింది ఏది మూలపడింది అని అడగడానికి. నాకు మార్జిన్ గీత సంగతి అలాగే తెలిసింది.

రేపే ఆ సంస్థకి ఫోన్ చేసి లిస్టు తెప్పించుకుని నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. సర్దే రోజు నేనూ వస్తా, చివర కూర్చుని లెక్కపెట్టే కుర్చీ నాకు ఉంచు.

నీ పెద్దమ్మ