అరగంట కోసం జరిగిన గొడవ

ప్రశ్న: అమెరికా లేట్ నైట్ కామెడీ హోస్ట్ కోనన్ ఓబ్రయన్ జీవితం, కెరీర్ గురించి ఎవరైనా చెప్పగలరా? కోట్ల డాలర్లు తీసుకుని బయటికొచ్చిన మనిషి మీద జనానికి అంత జాలి ఎందుకు?

జాలి అనను. నా మటుకు నాకు అది అలవాటు. ఎలా అయిందో చెబుతాను, మధ్యలో ఆయన కథ కూడా వచ్చేస్తుంది.

2008 ఆగస్టులో ఎమ్మెస్‌కని టెక్సాస్ వచ్చాను. యూనివర్సిటీ లైబ్రరీలో క్లోజింగ్ షిఫ్ట్ దొరికింది. తాళాలేసి రూముకి నడిచొచ్చేసరికి రాత్రి 11:20 దాటేది. నలుగురిలో ఇద్దరు నిద్రలో ఉండేవాళ్ళు. కుక్కర్లో చల్లారిన అన్నం, అడుగంటిన పప్పు, అమ్మ సీల్ చేసి పంపిన ఆవకాయ. టీవీ మేం కొన్నది కాదు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ డంప్‌స్టర్ పక్కన వదిలేస్తే మోసుకొచ్చిన డబ్బా టీవీ. కేబుల్‌కి డబ్బులెక్కడివి, యాంటెన్నాతో వచ్చిందే చూడ్డం. ఒక చేతిలో కంచం, ఇంకో చేత్తో యాంటెన్నా తిప్పుతుంటే కాస్త స్థిరంగా నిలబడే ఛానెల్ ఎన్‌బీసీ ఒక్కటే. అందులో ఆ టైముకి కోనన్ నడిపే 'లేట్ నైట్' షో. న్యూయార్క్ వాళ్ళకి 12:35, మా సెంట్రల్ టైమ్ జోన్‌లో గంట ముందే.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, నుదుటి మీద అలలా లేచిన ఎర్ర జుట్టు, పాలలాంటి ముఖం. జోకుల్లో సగం అర్థమయ్యేవి కావు. ఆ వారం అమెరికాలో ఏం జరిగిందో తెలిస్తే కదా! నల్గొండ నుంచి వచ్చిన అన్న ఒకాయన మా రూమ్మేట్. "ఏమన్నడ్రా వాడు?" అని అడిగేవాడు. "నాకూ తెలీదన్నా, వాళ్ళు నవ్వారు కదాని నేనూ నవ్వాను" అనేవాణ్ణి. కానీ ఒకటి మాత్రం భాష రాకపోయినా అర్థమయ్యేది. తన నడుముకి కనబడని దారాలు కట్టి ఉన్నట్టు, వాటిని తనే లాగుతూ తోలుబొమ్మలా ఊగి, చివర్లో వేళ్ళతో ఆ దారాలు కత్తిరించేవాడు. అది చూసి అన్న కంచం పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ రాత్రి నుంచి ఇద్దరం ఫిక్స్ అయిపోయాం.

తర్వాత ఆయన గురించి చదివితే ఆశ్చర్యం వేసింది. ఇంత పిచ్చి వేషాలు వేసే మనిషి మామూలు చదువరి కాడు. 1963లో మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్‌లో పుట్టాడు, ఐరిష్ క్యాథలిక్ కుటుంబం, ఆరుగురు పిల్లల్లో మూడోవాడు. తండ్రి అంటువ్యాధుల డాక్టరు, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ప్రొఫెసర్. తల్లి లాయరు. ఈయన హార్వర్డ్‌లో చరిత్ర, సాహిత్యం చదివాడు. అక్కడి హాస్య పత్రిక 'లాంపూన్'కి రెండుసార్లు ప్రెసిడెంట్. 1985లో పాసై, మన ఇళ్ళల్లో అయితే ఎవరూ ఒప్పుకోని పని చేశాడు: జోకులు రాసుకుని బతుకుదామని లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. 1988 నుంచి 'సాటర్డే నైట్ లైవ్' అనే కామెడీ షోకి, 1991 నుంచి 'ది సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్‌కి రాశాడు. సింప్సన్స్‌లో ఊరివాళ్ళని మాటలతో బుట్టలో వేసి మోనోరైలు అంటగట్టే మోసగాడి ఎపిసోడ్ ఒకటుంది, అది ఈయన రాసిందే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో రాత్రి వార్తల తర్వాత వచ్చే 'టునైట్ షో' అంటే ఆ రంగంలో సింహాసనం. జానీ కార్సన్ 30 ఏళ్ళు నడిపి 1992లో దిగిపోయాడు. దాని వెనకే వచ్చే 'లేట్ నైట్' నడుపుతున్న డేవిడ్ లెటర్‌మన్ ఆ కుర్చీ తనదే అనుకున్నాడు. ఎన్‌బీసీ దాన్ని జే లెనోకి ఇచ్చింది. లెటర్‌మన్ అలిగి పోటీ ఛానెల్ సీబీఎస్‌కి వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన 'లేట్ నైట్' కుర్చీలోకి, తెర మీద ఎవరూ ఎరగని ముప్పై ఏళ్ళ రచయితని తెచ్చి కూర్చోబెట్టారు. 1993 ఏప్రిల్‌లో ఆ వార్త ఫోన్లో వచ్చినప్పుడు కోనన్ సింప్సన్స్ పని మీద ఉన్నాడు. ఫోన్ పెట్టేసి నేల మీది కార్పెట్‌లో ముఖం పెట్టుకుని బోర్లా పడుకుండిపోయాడని తోటివాళ్ళు చెప్పారు. ఎగిరి గంతేశాడని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నాకు మొదటి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు నేను చేసిందీ దాదాపు అదే.

1993 సెప్టెంబర్ 13న మొదటి షో. మొదట్లో చీల్చి చెండాడారు. కెమెరా ముందు బిగుసుకుపోయేవాడు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. పాత క్లిప్పులు ఇప్పుడు చూసినా మనకే టెన్షన్ వస్తుంది. ఎన్‌బీసీ ఆయనకి 13 వారాలకొకసారి పొడిగింపు ఇస్తూ నడిపింది. అంటే మూడు నెలలకోసారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. వాషింగ్టన్ పోస్ట్ విమర్శకుడు టామ్ షేల్స్ మొదట దుమ్మెత్తిపోశాడు. 1996కల్లా అదే మనిషి మాట మార్చి, టీవీలో ఇంత మార్పు చూడలేదన్నట్టు మెచ్చుకుంటూ రాశాడు. ఆ మూడేళ్ళు వేసిన తిక్క వేషాలే ఆయన్ని నిలబెట్టాయని నా నమ్మకం.

ఆయన డబ్బు తీసుకుని బయటికొచ్చిన గొడవకి విత్తనం 2004లో పడింది. కోనన్‌కి బయట నుంచి అవకాశాలు వస్తుంటే, పోనివ్వకూడదని ఎన్‌బీసీ ఒక మాటిచ్చింది: 2009లో 'టునైట్ షో' నీదే. ఐదేళ్ళ తర్వాతి పెళ్ళికి ఇవాళ తాంబూలాలు పుచ్చుకున్నట్టు! అప్పటికి లెనో రేటింగ్స్‌లో నంబర్ వన్. గెలుస్తున్న వాణ్ణి ఐదేళ్ళ ముందే దిగిపొమ్మన్నారు. లెనోని విలన్ చేసి మాట్లాడేవాళ్ళు ఈ ముక్క మర్చిపోతారు. తీరా 2009 వచ్చేసరికి లెనో వేరే ఛానెల్‌కి పోతాడన్న భయంతో, ఆయనకి వారానికి ఐదు రోజులు, న్యూయార్క్ టైములో రాత్రి 10 గంటల స్లాట్ ఇచ్చారు. రెండు పడవల మీద కాళ్ళు.

2009 జూన్ 1న కోనన్ 'టునైట్' మొదలైంది. మాకు 10:35కే వచ్చేది. లైబ్రరీ షిఫ్ట్ వల్ల చాలా భాగం పోయేది, అన్న చూసి చెప్పేవాడు. ఈలోగా 10 గంటల లెనో షోకి జనం తగ్గారు. దాని తర్వాత వచ్చే లోకల్ వార్తలకీ జనం తగ్గారు. లోకల్ స్టేషన్లకి యాడ్స్ డబ్బంతా ఆ వార్తల మీదే కాబట్టి వాళ్ళు గోల పెట్టారు. దాంతో 2010 జనవరిలో ఎన్‌బీసీ కొత్త లెక్క తీసింది: న్యూయార్క్ టైములో లెనోకి 11:35 నుంచి అరగంట, కోనన్ 'టునైట్' అరగంట జరిగి 12:05కి. అర్ధరాత్రి దాటాక వచ్చేదాన్ని టునైట్ షో అనడం కుదరదని, ఆ షోని పాడుచేసే పనిలో తను పాలుపంచుకోనని కోనన్ బహిరంగంగా ఉత్తరం రాశాడు.

సరిగ్గా ఆ నెలలోనే నా జాయినింగ్ డేట్. డిసెంబర్‌లో డిగ్రీ అయింది, ఒక కంపెనీలో ఆఫర్ చేతిలో ఉంది. జాయిన్ అవ్వాల్సిన వారం ముందు మెయిల్: "మార్చికి మారుస్తున్నాం." చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే ఓపీటీ అనుమతిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు. గోడ మీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను. మార్చిలో ఇంకో మెయిల్ వచ్చింది, ఆఫరే లేదని. అందుకే అరగంట జరిపితే ఏమైంది, అంత డబ్బిస్తున్నారుగా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇచ్చిన మాటని కొంచెం పక్కకి జరపడం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి.

డబ్బు సంగతీ చెబుతాను. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం, షో వదిలి వెళ్ళిపోవడానికి కుదిరిన ఒప్పందం మొత్తం 4.5 కోట్ల డాలర్లు, అందులో 1.2 కోట్లు స్టాఫ్‌కి. తన షో కోసం న్యూయార్క్ నుంచి కాపురాలు ఎత్తేసి లాస్ ఏంజెలెస్ వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ వాటా కోసం పట్టుబట్టాడు. ఇది కొత్తేం కాదు. 2007-08 రచయితల సమ్మెలో షో ఆగితే, రచయితలు కాని స్టాఫ్‌కి జీతాలు జేబులోంచి ఇచ్చాడు. సమ్మె మధ్యలో రచయితలు లేకుండానే షో నడపాల్సి వస్తే, గడ్డం పెంచుకుని, డెస్క్ మీద తన పెళ్ళి ఉంగరాన్ని బొంగరంలా తిప్పి ఎంతసేపు తిరుగుతుందో టైము లెక్కపెట్టాడు. కామెడీ షోలో కంటెంట్ అదే! నేను యూట్యూబ్‌లో అది ఎన్నిసార్లు చూశానో.

2010 జనవరి 22న ఆఖరి షో. ఎనిమిది నెలలు కూడా నిండలేదు. ఆ రాత్రి మేం నలుగురం మేలుకునే ఉన్నాం. ఎన్‌బీసీని తిడతాడనుకున్నాం. థ్యాంక్స్ చెప్పాడు, అది తనకి ఇరవై ఏళ్ళకి పైగా ఇల్లు అన్నాడు. చూస్తున్న కుర్రాళ్ళని ఒకటే అడిగాడు, ఈ లోకమింతే అని విరక్తి పెంచుకోవద్దని. అంతసేపూ నల్గొండ అన్న యాంటెన్నా పట్టుకుని నిలబడే ఉన్నాడు, వదిలితే బొమ్మ పోతుందని.

సెప్టెంబర్ దాకా టీవీలో కనిపించకూడదని ఒప్పందంలో షరతు. ఏప్రిల్‌లో ఓరెగాన్‌లోని యూజీన్‌లో మొదలుపెట్టి, గిటారు పట్టుకుని ఊరూరా స్టేజి షోలు చేశాడు. 'టీవీలో నవ్వించడానికి చట్టరీత్యా నిషేధించబడిన యాత్ర' అని దానికి పేరు. నవంబర్ 8 నుంచి టీబీఎస్ కేబుల్ ఛానెల్‌లో 'కోనన్'. అది 2021 దాకా నడిచింది.

ఆ షోకే నేను 2014లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న బర్బాంక్ వెళ్ళాను, వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో స్టేజ్ 15. టికెట్ ఫ్రీ, ముందు బుక్ చేసుకోవాలి. మా ఆవిడకి ఆయనెవరో తెలీదు, నా పోరు పడలేక వచ్చింది. లోపల చలి, ఆమె చున్నీ చెవులకి చుట్టుకుంది. టీవీలో పెద్దగా కనిపించే సెట్ దగ్గర్నుంచి చూస్తే చిన్నదే. ముందు వేరే కమెడియన్ వచ్చి మమ్మల్ని నవ్వించి వేడెక్కించాడు. తర్వాత కోనన్. నేను మర్చిపోలేనిది మాత్రం బ్రేక్. కెమెరా ఆగగానే బ్యాండ్ హోరెత్తించింది, ఆయన ముఖంలోంచి నవ్వు స్విచ్ ఆఫ్ చేసినట్టు పోయింది. ఇద్దరు ముగ్గురు డెస్క్ దగ్గరికొచ్చి వంగి ఏదో చెప్పారు. ఆయన తలొంచుకుని కార్డుల్లో ఏదో కొట్టేసి, పెన్సిల్‌తో డెస్క్ మీద బ్యాండ్ తాళానికి సరిపడా కొడుతూనే ఉన్నాడు. పరీక్ష హాల్లో ఆఖరి పది నిమిషాల్లో ఉన్న పిల్లాడిలా ఉన్నాడు. లైటు వెలిగింది, నవ్వు తిరిగొచ్చింది. "ఇది రోజూ చేస్తాడా?" అంది మా ఆవిడ. వారానికి నాలుగైదు రోజులు, అప్పటికి ఇరవై ఏళ్ళకి పైగా.

నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. డెస్క్ వెనక ఇంటర్వ్యూల్లో ఆయన గొప్పవాడేం కాదు. గెస్టుని సగంలో ఆపి తను జోకేస్తాడు. బయటికి వదిలితేనే అసలు మనిషి కనబడతాడు. 2015లో క్యూబా వెళ్ళాడు. అదే ఏడు తన అసిస్టెంట్ సోనాని తీసుకుని, ఆమె పూర్వీకుల దేశం ఆర్మేనియా వెళ్ళాడు. అక్కడ ఎప్పుడూ ఎదుటివాళ్ళని వెక్కిరించడు, భాష రాక, పద్ధతి తెలీక తనే వెర్రివాడవుతాడు. 2018లో మొదలైన పాడ్‌కాస్ట్‌లో కూడా గెస్టుతో గంటసేపు తీరుబడిగా మాట్లాడతాడు, డెస్క్ లేదు కాబట్టి. మీకు ఆయన కొత్తయితే ఆర్మేనియా ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి, షో మొదట్లో నిలబడి జోకులు చెప్పే మోనోలాగులు తర్వాత చూసుకోవచ్చు.

2024 డిసెంబర్‌లో మూడు రోజుల తేడాలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. 2025 మార్చిలో ఆస్కార్ వేడుక నడిపాడు. అదే నెలలో వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్‌లో హాస్యానికిచ్చే మార్క్ ట్వెయిన్ ప్రైజ్ అందుకున్నాడు.

ఆ ఆస్కార్ రోజు మనకి సోమవారం తెల్లవారుజాము. తెనాలిలో నాన్నకి ఎటూ నాలుగింటికే మెలకువ, టీవీ పెట్టుకున్నారట. వేదిక మీద కోనన్ వచ్చీరాని హిందీలో మనవాళ్ళకి నమస్కారం చెప్పి, అక్కడ పొద్దున్నే కదా, నాష్తా చేస్తూ చూస్తుంటారు అన్నాడు. వెంటనే నాకు ఫోన్.

"ఒరేయ్, నీ ఎర్రజుట్టోడు టిఫిన్ అయిందా అని అడుగుతున్నాడ్రా."

"చూశాను నాన్నా."

"వాడడిగాడు సరే. నువ్వడిగి ఎన్నాళ్ళయింది?"