షిఫ్టర్ కంపెనీ సంగతి తర్వాత, ముందు సీటు బిగించండి

"1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కొన్నాను. ఇంజన్ షెవీ 350, గేర్‌బాక్స్ టర్బో 350 ఆటోమేటిక్. ఫ్లోర్ షిఫ్టర్ లోకార్‌ది మంచిదా, బి అండ్ ఎమ్‌ది మంచిదా? లివర్ ఎంత పొడవుండాలి?" అని అడిగారు. ఫ్లోర్ షిఫ్టరంటే నేల మీద, సీటు పక్కన ఉండే గేరు లివరు. ఈ ప్రశ్న ఎవరడిగినా జవాబుగా కంపెనీ పేర్లే వస్తాయి. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. సీటు బిగించారా? అందులో కూర్చున్నారా?

నేనుండేది డెట్రాయిట్ శివార్లలో. పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీలు చిక్కితే గరాజ్‌లో 1931 ఫోర్డ్ మోడల్ ఏ కింద వెల్లకిలా పడుకోవడం. మన తెలుగువాళ్ళ వీకెండ్ పార్టీల్లో ఈ కారు సంగతెత్తితే వచ్చే మాట ఒక్కటే: "ఆ డబ్బులతో అక్కడ ఓ ప్లాటు వచ్చేది కదండీ". ప్లాటు వచ్చేదే, కాదనను. ప్లాటుకి గేర్లుండవు, అదీ నా బాధ.

సరే, విషయానికొస్తాను. ఈ పాత ఫోర్డుల్లో చోటు తక్కువ. మీ '32లో వెడల్పు ఎంతుంటుందో మీకే తెలుసు, ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. మధ్యలో గేర్‌బాక్స్‌ని కప్పే మిట్ట, అదే టన్నెల్, దాని మీద లివర్. లివర్ 'పి'లో, అంటే పార్క్‌లో ఉన్నప్పుడు డాష్‌బోర్డు దగ్గరికి వెళ్తుంది, '1'లోకి లాగితే సీటు అంచు దాకా వస్తుంది. డాష్ కింద ఏసీ పెట్టి ఉంటే 'పి'లోకి తోసిన ప్రతిసారీ వేళ్ళ కణుపులు దానికి కొట్టుకుంటాయి. సీటు ఫోమ్ కొత్తగా ఉన్నప్పుడు ఒక ఎత్తు, ఏడాది కూర్చున్నాక ఇంకో ఎత్తు. ఇవేవీ కేటలాగులో ఉండవు. ఓ అట్టముక్కనో చెక్క రూళ్ళకర్రనో లివర్ పొడవుకి కోసి, టన్నెల్ మీద టేపుతో నిలబెట్టి, చెప్పులు కాదు బూట్లే వేసుకుని కూర్చుని చూడండి. పక్క సీట్లో మీ ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టండి. ఆవిడ మోకాలు తగిలితే ఆ కారు ఇక మీరొక్కరే నడుపుకోవాల్సిన కారు.

తర్వాత, రకం. టన్నెల్ మీద నేలకి బిగించేవి ఉంటాయి, వాటినుంచి గేర్‌బాక్స్‌కి రాడ్డో కేబులో వెళ్తుంది. నేరుగా గేర్‌బాక్స్‌కే బిగించేవి ఇంకో రకం. నా ఓటు ఎప్పుడూ రెండోదానికే. కారణం చెబుతాను. ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటాయి, యాక్సిలరేటర్ తొక్కగానే కదులుతాయి. బాడీ వేరు, దాని కదలిక వేరు. లివర్ బాడీకి, గేరు మార్చే చిన్న ఆర్మ్ గేర్‌బాక్స్‌కి, మధ్యలో బిగుసుకుపోయిన రాడ్డు ఉంటే ఆ కదలికంతా రాడ్డు మీదే పడుతుంది. కేబుల్ అయితే సర్దుకుంటుంది, కాకపోతే దాన్ని సైలెన్సర్ పైపులకి దూరంగా, మరీ మెలిక పడకుండా తీసుకెళ్ళాలి. హెడర్ (ఇంజన్ నుంచి పొగ తీసే గొట్టం) పక్కనుంచి లాగిన కేబుల్ లోపలి ప్లాస్టిక్ కరిగి లివర్ బిగుసుకుపోయిన బళ్ళు చాలానే చూశాను. గేర్‌బాక్స్‌కే బిగిస్తే లివరూ అదే ఊపులో ఊగుతుంది. ఐడిల్‌లో కాస్త వణుకుతుంది, చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది కూడా. నష్టమల్లా టన్నెల్‌కి కన్నం కాస్త పెద్దది కొయ్యాలి, లివర్ చుట్టూ మంచి రబ్బరు తొడుగు వెయ్యాలి. లేకపోతే వేడీ పొగా రెండూ లోపలికే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. ఓ వేసవిలో మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ఆయన జీవితమంతా అంబాసిడర్ నడిపిన మనిషి, స్టీరింగ్ పక్కన గేరుండే పాత బండి. ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ రోడ్డు మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ జరుగుతోంది. ఆ వారమంతా సాయంత్రాలు షాపింగ్ సెంటర్ల పార్కింగుల్లో పాత కార్లు బారులు తీరతాయి. బానెట్లు దారివైపు తెరిచిపెట్టి, కారు వెనకాల గడ్డిలో మడతకుర్చీలు వేసుకుని కబుర్లు. మావయ్యగారిని అక్కడికి తీసుకెళ్ళాను.

మా పక్కన ఓ పెద్దాయన 1940 ఫోర్డ్ కూపే. నల్లరంగు, అద్దంలా మెరుస్తోంది. ఫోర్డ్ 1939 దాకా గేరు నేల మీదే ఇచ్చింది, 1940లో స్టీరింగ్ కాలమ్‌కి మార్చింది. ఈయన బండిలో తర్వాతెవరో టర్బో 350 వేశారు, గేరు కాలమ్ మీదే ఉంచారు. మొన్నీమధ్యే ఈయన ఓ షాపుకిచ్చి ఫ్లోర్ షిఫ్టర్ పెట్టించాడు. లివరు మెరుపు, నాబు మెరుపు. పార్కింగులోకి వెనక్కి పెట్టి లివర్ 'పి'లోకి తోశాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. దిగి బానెట్ ఎత్తాడు, చుట్టూ పిల్లలు మూగారు.

మావయ్యగారు నా చెవి దగ్గరికొచ్చి, "అల్లుడుగారూ, ఆయన గేరు పెట్టాడు గానీ టక్కుమనలేదండీ" అన్నారు. "ఆటోమేటిక్ కదండీ మావయ్యగారూ, మన అంబాసిడర్‌లా చప్పుడు రాదు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, మంచినీళ్ళ కోసం కూలర్ దగ్గరికి వెళ్ళారు.

పెద్దాయన పిల్లల్ని మురిపిద్దామని కార్బురేటర్ దగ్గర థ్రాటిల్‌ని వేలితో లాగాడు. ఇంజన్ గర్జించింది. రెండోసారి ఇంకాస్త గట్టిగా లాగాడు. కారు ఒక్కసారి ఉలిక్కిపడి, బానెట్ తెరుచుకునే, ఆయన చేతిలోంచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి అలా గాల్లోనే ఉంది. వెనక గడ్డిలో కుర్చీలున్నాయని చెప్పాను కదా. ఒక కుర్చీ విరిగింది, ఐస్ పెట్టె చితికింది, వెనక చక్రం సిమెంటు గట్టుకి తగిలి ఆగింది. ఇంజన్ ఇంకా తోస్తూనే ఉంది, చక్రం గట్టు ఎక్కాలని చూస్తోంది. అవతలి వరసలోంచి ఓ కుర్రాడు పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. ఎవరికీ ఏం కాలేదు. విరిగిన కుర్చీ మా మావయ్యగారు అంతకుముందు కూర్చున్నదే. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఆ కారు నాదే అన్నట్టు.

మర్నాడు ఆ బండి మా గరాజ్‌కొచ్చింది. స్టాండ్ల మీద ఎత్తి కిందికి దూరాను. గేర్‌బాక్స్ ఎడమవైపు ఓ చిన్న ఆర్మ్ ఉంటుంది, షిఫ్టర్ రాడ్డు దానికే తగులుకుంటుంది. పిన్ను తీసి రాడ్డు విడదీసి, ఆర్మ్‌ని చేత్తో తిప్పాను. టక్, టక్, టక్. టర్బో 350లో పి (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్), 2, 1, ఆరు చోట్ల ఆగుతుంది. లోపల పళ్ళు కోసిన రేకు, దాన్ని స్ప్రింగుతో నొక్కే రోలరు ఉంటాయి. ఆ రోలరు పంటి గుంటలో పడ్డప్పుడే నిజంగా గేరు పడ్డట్టు. పైన మీ షిఫ్టర్ మీద రాసున్న 'పి' అక్షరానికి గేర్‌బాక్స్‌తో ఏ చుట్టరికమూ లేదు.

మళ్ళీ రాడ్డు తగిలించి, లివర్‌ని 'డి'లో పెట్టి చూస్తే సరిగ్గా ఉంది. 'ఎన్'లో కొంచెం తేడా. 'పి'లో పెడితే రోలరు రెండు గుంటల మధ్య గట్టు మీద నిలబడింది. పార్క్‌లో బండిని పట్టి ఆపే లోపలి కొక్కెం పూర్తిగా దిగలేదు, ఇంజన్ ఊపుకి వెనక్కి జారి రివర్స్‌లో పడింది. సంగతేమిటంటే, కాలమ్ గేరు నాటి పాత ఆర్మ్‌నే షాపువాళ్ళు ఉంచేశారు. అది కొత్త షిఫ్టర్ కిట్‌లో వచ్చే ఆర్మ్ కంటే పొడుగు. ఆర్మ్ పొడుగైతే పైన లివర్ అంతే కదిలినా కింద షాఫ్ట్ తక్కువ తిరుగుతుంది. రాడ్డు చివర మరతిప్పి సర్దితే ఏదో ఒక గేరు కుదురుతుంది, దానికి దూరంగా ఉన్నవి తప్పుతాయి. వాళ్ళు 'డి'కి కుదిర్చి, వీధి చివరిదాకా నడిపి, తాళం చేతిలో పెట్టేశారు. కిట్ ఆర్మ్ ఆయన గరాజ్‌లో డబ్బాలో అలానే ఉంది, సీలు కూడా విప్పలేదు! బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

పాత కాలంలో ఫ్యాక్టరీ బళ్ళలోనూ ఈ గొడవ ఉంది. ఫోర్డ్ ఆటోమేటిక్‌లు పార్క్‌లోంచి రివర్స్‌లోకి జారుతున్నాయని పెద్ద రభస జరిగితే, చివరికి 1980లో ప్రభుత్వంతో రాజీ కుదిరి రెండు కోట్లకి పైగా బళ్ళ యజమానులకి హెచ్చరిక స్టిక్కర్లు పంపారు. స్టిక్కర్లండీ! మావయ్యగారు ఈ కథంతా విని, "మేమైతే చక్రం కింద రాయి పెట్టేవాళ్ళం" అన్నారు. నాకు అదే నచ్చింది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. కిట్‌లో వచ్చిన ఆర్మ్‌నే వెయ్యండి. గేర్‌బాక్స్ ఆర్మ్‌ని చేత్తో 'పి'లో పెట్టండి, డ్రైవ్‌షాఫ్ట్‌ని పట్టుకుని తిప్పి చూడండి, తిరగకూడదు. పైన లివర్‌ని కూడా 'పి'లో పెట్టి రాడ్డు సర్దండి. పిన్ను వేలితో తోస్తే కన్నంలోకి జారాలి. సుత్తి అందుకోవాలనిపిస్తే ఇంకా కుదరనట్టే. తర్వాత ప్రతి గేరులోనూ పిన్ను తీసి, పెట్టి చూడండి. విసుగ్గా ఉంటుంది, చెయ్యండి. న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (గేరులో ఉంటే ఇంజన్ స్టార్ట్ కానివ్వని స్విచ్) వైర్లు తప్పకుండా కలపండి. పాత బళ్ళలో సగంమంది దాన్ని పక్కన పడేస్తారు, గేరులో ఉండగానే స్టార్టయి గరాజ్ తలుపు పగలగొట్టుకుంటారు. ఫ్యాక్టరీ కార్లకి 1968 నుంచి ఇది చట్టం, మనకేమో బద్ధకం.

షిఫ్టర్‌కి డబ్బు కట్టే ముందు మీ గేర్‌బాక్స్ నిజంగా టర్బో 350 యేనా అన్నది కూడా చూసుకోండి. అమ్మినవాడి మాట నమ్మకండి. అడుగున ఆయిల్ పాన్ దాదాపు చదరంగా ఉండి ఒక మూల కోసినట్టుంటే 350. వెనక తోక హౌసింగ్ 6, 9, 12 అంగుళాల్లో వస్తుంది, గేర్‌బాక్స్‌కే బిగించే షిఫ్టర్ కొంటుంటే మీది ఏదో కొలిచి అమ్మేవాళ్ళకి చెప్పండి. అది 700ఆర్4 అనే ఇంకో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అని తేలితే షిఫ్టరే వేరు, ఒక గేరు ఎక్కువుంటుంది కాబట్టి మూడు గేర్ల షిఫ్టర్ సరిపోదు. దాని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సర్దుబాటు తప్పితే గేర్‌బాక్స్ కాలిపోతుంది, అది వేరే కథ.

బి అండ్ ఎమ్ రాచెట్ షిఫ్టర్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఒక్కో లాగుకీ ఒక్కో గేరు పడటం డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే తిన్నటి దారి మీద పందెంలో, బాగుంటుంది. ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్ళే '32 రోడ్‌స్టర్‌లో ఆ పెద్ద డబ్బా ఎందుకు? చూడ్డానికీ బాగోదు. ఆ బళ్ళకి సన్నగా పొడుగ్గా వంపు తిరిగిన లివరే అందం. హర్స్ట్ అని ఇంకో షిఫ్టర్ కంపెనీ ఉంది, అదంటే నాకు గౌరవమే, మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే కళ్ళు మూసుకుని అదే కొనేవాణ్ణి.

కన్నం కోసే ముందు కిందికెళ్ళి చూడండి, బ్రేక్ పైపులు ఎటు పోతున్నాయో. పైనుంచి డ్రిల్లు పెట్టే వీడియోలు చేసేవాళ్ళంతా ఆ కింద ఏముందో చూపించరు.

మీ ప్రశ్నకి సూటి జవాబు: లోకార్, గేర్‌బాక్స్‌కే బిగించే రకం. 12, 16, 23 అంగుళాల లివర్లు దొరుకుతాయి. బెంచ్ సీటు తక్కువ ఎత్తులో ఉంటే 16 సరిపోతుందని నా అంచనా, అట్టముక్క వేరేగా చెబితే అట్టముక్క మాటే వినండి. నాబు మీ ఇష్టం, క్రోమ్ పుర్రె మాత్రం వద్దు. పైకప్పు లేని బండి, జులై ఎండలో ఓ గంట నిలబెడితే అరచెయ్యి కాలుతుంది.