ఆ క్యాన్ల సంగతి రాయలేదేం?

తమ్మీ,

మీ ఊర్ల ప్రార్థనలు నేర్పిన ఉపదేశి తాత మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివిన. మొదటి పేజీల ఆయన ‘పూజ్యులు’, రెండో పేజీల ‘ధన్యుడు’, ఆఖరికి ‘పునీతుడు’, అంటే సెయింట్. రోములో ఏండ్లు పట్టే పని మూడు పేజీలల్ల కానిచ్చినవు!

మనకు ఈ మాటలు చవక. ‘పూజ్యులైన నాన్నగారికి’ అని హాస్టల్ నుంచి ఉత్తరాలు రాసినోళ్లమే. నల్లగొండ క్లాక్‌టవర్ కాడ ఫ్లెక్సీ ఎక్కినోళ్లంత గౌరవనీయులే. మళ్ల ‘లాభం పూజ్యం’ అంటే సున్నా. కతోలిక శ్రీసభల, అంటే క్యాథలిక్ చర్చిల మాత్రం అది ఒక తీర్పు. మనిషి పోయినంక మామూలుగా ఐదేండ్లు ఆగుతరు. విచారణ మొదలైతే ‘దైవసేవకుడు’. ఆయన రాతలు, ఎరిగినోళ్ల సాక్ష్యాలు పోగుచేసి, విశ్వాసం, నిరీక్షణ, ప్రేమల వీరుని తీరు బతికిండా అని జల్లెడ పడతరు. పోపుగారు ఒప్పుకుంటేనే ‘పూజ్యులు’. చిత్రమేందంటే, పేరుల పూజ ఉన్నా ఆయన పేర పండుగ చెయ్యరు, గుడి కట్టరు. ఇంట్ల ఎవరికి వాళ్లు వేడుకోవచ్చు, అంతే. అద్భుతం ఒకటి రుజువైతే ‘ధన్యుడు’, ఇంకోటి అయితే ‘పునీతుడు’. 1997ల పోయిన మదర్ థెరిసాకు 2002ల పూజ్యత, 2003ల ధన్యత, 2016ల పునీత పట్టం. విజయవాడ దగ్గరి పెద్ద అవుటపల్లిల 1945ల కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబిని జనం ఎప్పుడో పునీతుడనుకున్నరు. సభ మాత్రం ‘దైవసేవకుడు’ కాడనే మొదలుపెట్టింది.

నేనూ ఒక ఫాదర్‌గారి సంస్మరణల విశేషణాలు కుక్కిన. ఆయనకు ఏండ్లకేండ్లు వండిపెట్టిన ఆమె చదివించుకుని విన్నది. “అయ్యా, ఇందుల మా ఫాదర్ ఏడున్నడు?” అన్నది. ఇప్పటికీ సిగ్గే.

నీ కథల ఒక్క వాక్యం మధ్యల నలిగిపోయింది. ఫ్లోరైడ్ నీళ్లకు నడుం వంగిన ముసలామెకు తాత పక్కూరి నుంచి సైకిల్ మీద మంచినీళ్లు తెచ్చేటోడని. క్యాన్లు దేనితోటి కట్టేటోడు? ఎత్తు కాడ దిగి నెట్టేటోడా? ఆమె తల ఎత్తలేదు గదా, మాట్లాడాలంటే ఆయనే కింద కూసునేటోడా? వెనక నుంచి క్యాన్ పట్టుకున్న పిల్లగాడివి నువ్వేనని ఫోన్ల చెప్పినవు. కథల అది లేదు.

మూడు బిరుదులూ కొట్టెయ్. ఆయన్ని ఎరిగిన ముసలోళ్లు ఊర్ల ఇంకెంతమంది ఉన్నరు? నాట్లు పడకముందే పోయి వాళ్ల కాడ కూసో.

మీ అన్న