గజర్ ఎవరి ఊరు, అక్కడి తగాదా ఎందుకు తెగడం లేదు?

లెబనాన్ సరిహద్దులోని గజర్ అనే చిన్న ఊరు అసలు ఏ దేశానిది, ఇన్నేళ్లయినా ఆ సంగతి ఎందుకు తేలలేదు అని అడిగారు. 2006లో ఇజ్రాయెల్‌కూ లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లాకూ జరిగిన యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలోని భారత బెటాలియన్‌లో సైనికుడిగా ఆ ప్రాంతంలో పనిచేశాను కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

గజర్‌లో ఉండేది అలవీ (ఇస్లాంలో ఒక శాఖ) అరబ్బులు, 3,000 మందికి లోపే. 1967లో ఇజ్రాయెల్ ఆక్రమించేదాకా అది సిరియా గ్రామం; 1981లో, ఈ ఊరితో పాటు సిరియానుంచి ఆక్రమించిన పీఠభూమి గోలాన్‌కు ఇజ్రాయెల్ చట్టాలు వర్తింపజేశాక ఊరివాళ్లు ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారు. దక్షిణ లెబనాన్ కూడా ఇజ్రాయెల్ చేతిలోనే ఉన్న రోజుల్లో అడ్డుచెప్పేవాళ్లు లేక, ఇళ్లు ఉత్తరాన లెబనాన్ నేలమీదికి పెరుగుతూ పోయాయి. 2000లో ఇజ్రాయెల్ సేనలు వెనుదిరిగినప్పుడు, ఆ ఉపసంహరణను నిర్ధారించేందుకు ఐక్యరాజ్యసమితి గుర్తించిన బ్లూ లైన్ సరిగ్గా ఊరి నడిమధ్యనుంచి పోయింది.

మిగతాచోట్ల ఆ రేఖ వెంట నీలం పీపాలు కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం అది జనం కాపురముండే ఇళ్ల మధ్య సాగుతుంది. కింద వజ్జానీ ఊట ఒడ్డున లెబనాన్ కుటుంబాలు సెలవురోజున భోజనాలకు కూర్చుంటే, తలెత్తితే చాలు, గట్టుమీద గజర్ ఇళ్లు కనిపిస్తాయి. కేకేస్తే వినబడే దూరమే అయినా అటువాళ్లు ఇటు రావడానికి దారి లేదు.

2005 నవంబరులో ఇజ్రాయెల్ సైనికులను ఎత్తుకుపోవడానికి హిజ్బుల్లా దాడికి దిగింది ఈ ఊళ్లోనే. 2006 యుద్ధంలో ఇజ్రాయెల్ ఉత్తర భాగాన్ని మళ్లీ ఆక్రమించింది, 2010లో అక్కడినుంచి వైదొలగాలని మంత్రివర్గం సూత్రప్రాయంగా తీర్మానించినా కదలలేదు. 2022-23లో ఉత్తర భాగాన్ని కూడా కలుపుకొని కంచె లేచాక, లెబనాన్‌లో ఆగ్రహం మళ్లీ రాజుకుంది.

నా అభిప్రాయంలో లెబనాన్ ఫిర్యాదు న్యాయమైనదే. 2006 యుద్ధాన్ని ఆపడానికి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 1701వ తీర్మానం ప్రకారం ఉత్తర భాగంనుంచి ఇజ్రాయెల్ వైదొలగవలసిందే. అయితే రేఖ ప్రకారం ఊరిని కోస్తే అన్నదమ్ముల ఇళ్లు రెండు దేశాల పాలవుతాయి కనుక, ఊరివాళ్లు విభజన వద్దంటున్నారు. ఈ రెండింటికీ పొంతన కుదిర్చే ప్రతిపాదన ఏదీ అమలుకు రాలేదు. ఇరుపక్షాల సైన్యాల మధ్య మాటలు నడిపిస్తూ వచ్చిన శాంతిదళం గడువును కూడా భద్రతా మండలి 2026 డిసెంబరు 31తో ముగించాలని 2025 ఆగస్టులో నిర్ణయించింది.