గార్లాండ్‌లో 1968 నాటి ఇల్లు, హోల్‌సేలర్ చెప్పిన లెక్క: కొనొచ్చా?

మీరు అడిగినవి రెండు. డల్లాస్ పక్కన గార్లాండ్‌లో 1968లో కట్టిన 1,500 చదరపు అడుగుల ఇంటిని ఒక హోల్‌సేలర్ (ఓనర్‌తో కాంట్రాక్టు రాసుకుని, ఇల్లు తాను కొనకుండానే ఆ కాంట్రాక్టును ఇంకొకరికి అమ్మేవాడు) 2,15,000 డాలర్లకు ఇస్తానంటున్నాడు. రిపేర్లకు 35,000 అవుతుంది, బాగుచేశాక 3,40,000కి పోతుంది అంటున్నాడు. కొనొచ్చా అన్నది మొదటి ప్రశ్న. డబ్బు పెట్టకుండా మీరే హోల్‌సేలింగ్ చేయొచ్చా అన్నది రెండోది.

ఆ ధరకు వద్దు. అతను చెప్పిన అంకెలన్నీ నిజమనుకున్నా వద్దు. ఫ్లిప్పర్లు (పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మేవాళ్లు) ముందుగా వేసుకునే 70 శాతం లెక్క చూడండి. బాగుచేశాక వచ్చే ధరను ఏఆర్‌వీ అంటారు. 3,40,000లో 70 శాతం 2,38,000. అందులో రిపేర్లు 35,000 తీసేస్తే 2,03,000. కొనుగోలు ధర, హోల్‌సేలర్ ఫీజు కలిపి ఇంతకు మించకూడదు. మిగతా 30 శాతమంతా లాభం అనుకునేరు. దాదాపు సగం వడ్డీకి, కమిషన్లకు, పన్నులకు పోతుంది.

ముందు ఏఆర్‌వీ సంగతి. టెక్సస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న చట్టం లేదు. అందుకే జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైట్ చూపించే ధర ఒక అంచనా మాత్రమే, కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ విలువ పన్ను కోసం వేసింది. అసలు అమ్మకం ధరలు ఏజెంట్లు వాడే ఇళ్ల జాబితా ఎంఎల్‌ఎస్‌లో ఉంటాయి, దానికి ఏజెంట్ కావాలి. గత 6 నెలల్లో, అర మైలు లోపల, అదే దశాబ్దంలో కట్టిన, విస్తీర్ణం 15-20 శాతం అటూఇటూ ఉన్న, బాగుచేసి అమ్మిన ఇళ్లు మూడైనా చూపించమనండి. హోల్‌సేలర్లు పంపే పట్టికల్లో మామూలుగా కనిపించే కిటుకు: హైవేకి అవతలి పక్క, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఇంటిని తెచ్చి పోల్చడం. గ్యారేజీని గదిగా మార్చి ఆ అడుగుల్ని కూడా విస్తీర్ణంలో కలిపేయడం ఇంకోటి. అప్రైజర్ (అప్పిచ్చేవాళ్ల కోసం ఇంటి విలువ కట్టేవాడు) ఆ అడుగులకు పూర్తి ధర కట్టడు. మీ ఇంటికి నికరంగా 3,20,000 తేలుతుందని అనుకుని లెక్క వేద్దాం.

రిపేర్ల దగ్గరే అసలు దెబ్బ. ఈ సైజు ఇంటికి మధ్యరకం సరుకుతో వంటగది 15,000, రెండు బాత్‌రూమ్‌లు 14,000, లోపలా బయటా పెయింటు, ఫ్లోరింగ్ కలిపి 13,000. పైకి కనిపించేవే 42,000 అయ్యాయి. 35,000 అన్నవాడు ఇవి కూడా సరిగ్గా లెక్కవేయలేదన్నమాట. ఏసీ మార్చాలంటే 9,000 దాకా. రూఫ్ పాతదైతే ఇంకో పది వేల పైమాటే.

కనిపించనిది స్లాబ్ కింద, అంటే ఇల్లు కూర్చున్న కాంక్రీటు నేల కింద ఉంటుంది. డల్లాస్ చుట్టుపక్కల నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాంతో స్లాబ్ ఒక మూల లేచి ఇంకో మూల కుంగుతుంది. ద్వారబంధాల మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు, బయట ఇటుకల్లో మెట్లుమెట్లుగా పోయే చీలిక, గడియ పడని తలుపులు దీనికి గుర్తులు. కొత్తగా ఒక గోడకు మాత్రమే పెయింటు వేసి ఉంటే ఇంకాస్త దగ్గరికెళ్లి చూడండి. ఉచితంగా ఎస్టిమేట్ ఇస్తామనే ఫౌండేషన్ కంపెనీ మాట మీద ఆగొద్దు. వాళ్లు అమ్మేది పియర్లు (కుంగిన స్లాబ్‌ను ఎత్తి నిలబెట్టే స్తంభాలు), అవెన్ని కావాలో చెప్పేదీ వాళ్లే. కొన్ని వందల డాలర్లు పోయినా, పనితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిపించండి. ఆ రిపోర్టు రేపు మీరు అమ్మేటప్పుడూ పనికొస్తుంది. పది పదిహేను పియర్లంటే సుమారు 10,000 పెట్టుకోండి.

1968 ఇల్లు కాబట్టి మురుగు పైపులు చాలావరకు పోత ఇనుమువే అయ్యుంటాయి. యాభై ఏళ్లు దాటితే అవి అడుగుభాగం తుప్పుపట్టి తినేసి ఉంటాయి. పియర్లతో స్లాబ్‌ను పైకెత్తినప్పుడు పెళుసెక్కిన అతుకులు విరుగుతాయి. అందుకే హైడ్రోస్టాటిక్ టెస్ట్ రెండుసార్లు చేయించాలి, లెవెలింగ్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. ప్లంబర్ క్లీనౌట్ (పైపు శుభ్రం చేసేందుకు ఉంచిన మూత) దగ్గర పైపును మూసి, స్లాబ్ మట్టం దాకా నీళ్లు నింపి, మట్టం దిగుతోందా అని ఇరవై నిమిషాలకు పైగా చూస్తాడు. దిగితే కారుతున్నట్టే. స్లాబ్ కింద సొరంగం తవ్వి పైపులు మార్చాల్సి వస్తే 15,000 నుంచి 25,000 దాకా పోతుంది. ఆ ఖర్చు కింది లెక్కలో వేయలేదు. వేస్తే ఇక మాట్లాడుకునే పనే ఉండదు.

కరెంటు ప్యానెల్ మీద ఫెడరల్ పసిఫిక్ అనే కంపెనీ పేరుంటే మార్చాల్సిందే, చాలామంది ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. 1965-73 మధ్య కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉండొచ్చు, ఒక స్విచ్ విప్పితే తెలిసిపోతుంది. 1978కి ముందు ఇల్లు కాబట్టి సీసం పెయింటు నిబంధనలూ వర్తిస్తాయి.

ఇప్పుడు మొత్తం కూడండి. కొనుగోలు 2,15,000. పైపనులు 42,000, పునాది 10,000, ఏసీ 9,000, ముందు ఊహించని ఖర్చులకు ఇంకో 9,000, మొత్తం 70,000. హార్డ్ మనీ అప్పు (ఇంటిని తాకట్టు పెట్టుకుని ప్రైవేటు వాళ్లు ఎక్కువ వడ్డీకి కొద్ది నెలలకు ఇచ్చేది) 2,30,000 మీద 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 2,100 పైచిలుకు, ఆరు నెలలకు 12,650. రెండు పాయింట్లు, అంటే అప్పు మీద ముందుగా తీసుకునే 2 శాతం ఫీజు, 4,600. ప్రాపర్టీ టాక్స్, ఖాళీ ఇంటి ఇన్సూరెన్స్, కరెంటు, నీళ్లు నెలకు 900 చొప్పున 5,400. కొనేటప్పుడు క్లోజింగ్ (ఇల్లు చేతులు మారేటప్పటి) ఖర్చులు 2,500. అమ్మేటప్పుడు ఏజెంట్లకు 5.5 శాతం లెక్కన 17,600, టైటిల్ పాలసీ (యాజమాన్య హక్కుకు ఇన్సూరెన్స్) వగైరా 3,000, కొనేవాళ్లు అడిగే రాయితీ 5,000. అంతా కలిపి 3,35,750. ఇల్లు పోయేది 3,20,000కి. పదిహేను వేల పైన నష్టం. హార్డ్ మనీ వాళ్లు రిపేరు డబ్బు ముందు ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి. పని అయ్యాక ఇన్‌స్పెక్టర్‌ను పంపి విడతలుగా ఇస్తారు, ఈలోగా కాంట్రాక్టర్‌కు మీ జేబులోంచి పెట్టాలి. టెక్సస్ చట్టం ప్రకారం పని విలువలో 10 శాతం, పని పూర్తయ్యాక 30 రోజుల దాకా ఆపి ఉంచాలి. కాంట్రాక్టర్ తన కింది పనివాళ్లకు డబ్బు ఎగ్గొడితే వాళ్లు మీ ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఆస్తి మీద హక్కు) వేస్తారు కాబట్టి.

ఆరు నెలలు ఎందుకంటే, ఈ ధర ఇళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌తో (ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పు) వచ్చేవాళ్లు చాలామంది. మీరు కొన్న రోజు నుంచి 90 రోజుల్లోపు సంతకమైన అమ్మకపు కాంట్రాక్టుకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ రాదు. పని నలభై రోజుల్లో ముగించినా ఆ గిరాకీ కోసం ఆగాల్సిందే.

ధర దిగొచ్చి కొనేటట్టయితే, హోల్‌సేలర్ చేతికి బయానా ఇవ్వొద్దు, టైటిల్ కంపెనీలోనే (హక్కు పత్రాలు సరిచూసి, డబ్బు మధ్యవర్తిగా పట్టుకునే సంస్థ) కట్టండి. ఓనర్‌తో అతను రాసుకున్న కాంట్రాక్టు కాపీ అడగండి. చూపించకపోతే మధ్యలో ఇంకో హోల్‌సేలర్ ఉన్నాడనే అనుమానించాలి. అందులో అమ్మేవాళ్ల పేరు కౌంటీ రికార్డుతో సరిపోవాలి. టైటిల్ కంపెనీ ముందుగా ఇచ్చే రిపోర్టు, అంటే టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ సి చదవండి, క్లోజింగ్‌కు ముందు తీర్చాల్సిన చిక్కులన్నీ అక్కడే ఉంటాయి. ఓనర్ చనిపోయి వారసుల మధ్య తేలని ఇళ్లు హోల్‌సేలర్ల దగ్గరికి ఎక్కువగానే వస్తాయి. అమ్మేది ఇండియాకు తిరిగొచ్చేసిన మనవాళ్లయితే ఇంకో మెలిక ఉంది. వాళ్లు అమెరికా పన్ను లెక్కలో విదేశీయులైతే ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు కట్టాల్సిన బాధ్యత కొన్నవాళ్లది. 3,00,000 లోపు ఇళ్లకు ఉన్న మినహాయింపు తాము కాపురం ఉండేందుకు కొనేవాళ్లకే, ఫ్లిప్పర్‌కు దొరకదు.

ఇక మీరే హోల్‌సేలింగ్ చేయడం. మన దగ్గర అగ్రిమెంట్ రాయించుకుని రిజిస్ట్రేషన్‌కు ముందే మూడో మనిషికి తిప్పినట్టే ఇది. టెక్సస్‌లో లైసెన్స్ లేకుండా చేయొచ్చు, కానీ మీరు అమ్మేది ఇల్లు కాదు, కాంట్రాక్టులో మీ హక్కు. మీకు టైటిల్ లేదని అవతలివాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటిని మీదన్నట్టు ప్రకటన వేస్తే లైసెన్స్ లేని బ్రోకరేజీ కిందికి వెళ్తారు. ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో ఏడాదిలో ఒక డీల్ దాటితే లైసెన్స్ ఉండాల్సిందే. డబ్బు అక్కర్లేదన్న మాట నమ్మొద్దు. ఉత్తరాలకు, ఫోన్ నంబర్ల జాబితాలకు నెలనెలా ఖర్చవుతుంది. మార్కెటింగ్ ఫోన్లు వద్దని డు నాట్ కాల్ జాబితాలో నమోదైనవాళ్లకు అదేపనిగా ఫోన్లు, మెసేజ్‌లు చేస్తే ఒక్కో దానికి 500 నుంచి 1,500 డాలర్ల దాకా దావా వేయొచ్చు.

మీరు హెచ్1బీ మీద ఉంటే హోల్‌సేలింగ్ జోలికే పోవద్దు. అది పెట్టుబడి కాదు, పని. మీకు పని చేసే అనుమతి ఉన్నది స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే. ఫ్లిప్‌లో కూడా డబ్బు పెట్టడం ఒకటి, రోజూ సైట్‌లో నిలబడి పనులు నడిపించడం మరొకటి. సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. పన్ను విషయంలో, వరుసగా ఫ్లిప్‌లు చేసేవాళ్లకు ఇల్లు దుకాణంలో సరుకు కింద లెక్క. లాభం మామూలు ఆదాయం, పైన 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్, 1031 ఎక్స్ఛేంజ్ (వేరే ఆస్తి కొంటే పన్ను వాయిదా వేసే వెసులుబాటు) వర్తించదు.

ఈ ఇంటికి 3,20,000లో 70 శాతం 2,24,000, అందులోంచి 70,000 తీస్తే 1,54,000. హైడ్రోస్టాటిక్ టెస్ట్ పాసైతేనే అన్న షరతుతో ఆ ధర చెప్పండి. అతను ఒప్పుకోడు, ఫోన్ కూడా ఎత్తకపోవచ్చు. కానీ క్లోజింగ్ తేదీకి వారం ముందు కొనేవాళ్లు దొరక్క అతనే మళ్లీ ఫోన్ చేసే అవకాశం ఉంది. అప్పుడూ ఇదే అంకె మీద ఉండండి.